డిస్కార్డ్ రికార్డ్స్ అగ్రిమెంట్లు లేకుండా ఎలా నడిచింది?

గిటార్‌పిచ్చోడు: వాషింగ్టన్ డీసీ పంక్ రాక్ వింటుంటే ఎటు చూసినా డిస్కార్డ్ అనే రికార్డు కంపెనీ పేరే. బ్యాండ్లతో ఒప్పందాలే రాసుకోరంట, నిజమేనా? మరి మొదట్లో డబ్బులెక్కడివి?

పాతరికార్డు: నిజమే బ్రో. 1980లో టీన్ ఐడిల్స్ అనే బ్యాండ్ విడిపోయినప్పుడు, షోల మీద కూడబెట్టిన కొన్ని వందల డాలర్లు పంచుకోకుండా, అందులోని ఇయాన్ మెకాయ్, జెఫ్ నెల్సన్ వాళ్లు ఆ సొమ్ముతోనే తమ ఏడంగుళాల రికార్డు వేయించారు, డిస్కార్డ్ మొదలైంది అలాగే. రెడీమేడ్ కవర్లకి స్తోమత లేదు కదా, ఒక కవర్ విప్పదీసి, కొలతలు గీసుకుని, అచ్చు వేయించిన కాగితాల్ని కత్తిరించి మడతపెట్టి ఒక్కోటీ చేత్తో అంటించారు. వెయ్యి కాపీలండీ బాబూ!

బేస్‌లైన్: ఖర్చులు పోగా మిగిలిన లాభంలో బ్యాండుకీ వాటా. పైగా తమ ఊరి బ్యాండ్లే, బయటివాళ్లని తీసుకోరు. నాకైతే ఈ పంతమే నచ్చుతుంది.

డ్రమ్ముల్రాజు: పంతం సరే, 1987లో మొదలైన ఫుగాజీ అనే డిస్కార్డ్ బ్యాండ్ అంతలా అమ్ముడుపోకపోతే మిగతా చిన్న బ్యాండ్ల రికార్డులు అన్నేళ్లు అచ్చులో ఉండేవా అని నా డౌటు. అయినా ఫుగాజీ వాళ్లు అంత పేరొచ్చాక కూడా టికెట్ అయిదు డాలర్ల దగ్గరే ఉంచాలని చూశారు, అది మాత్రం ఒప్పుకోవాలి.

గిటార్‌పిచ్చోడు: థాంక్సండీ. ముందు ఎవరిది వినమంటారు?

పాతరికార్డు: మైనర్ థ్రెట్. ఇంట్లోవాళ్లు లేనప్పుడు.