ఫోన్ తయారీ సంస్థ నా యాప్‌ను దూరం నుంచే తీసేసిందా? ఎలా నిర్ధారించుకోవాలి?

రెండేళ్లుగా ఇంటి ఖర్చులు రాసుకుంటున్న ఒక చిన్న యాప్, గత వారం సిస్టమ్ అప్‌డేట్ పూర్తయి ఫోన్ తిరిగి ఆన్ అయ్యేసరికి కనిపించలేదు. "హానికరమైన యాప్ తొలగించబడింది" అన్న నోటిఫికేషన్ ఒక్కటి వచ్చింది; దాన్ని వేలితో తాకేలోపే అదీ మాయమైంది. యాప్‌తోపాటు లెక్కలన్నీ పోయాయి.

ఇలాంటి అధికారం సంస్థలకు ఉందని నాకు తెలియకపోలేదు. ఐఫోన్‌లో యాప్‌లను దూరం నుంచే తీసేసే ఏర్పాటు ఉందని అప్పటి ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ 2008లోనే ఒప్పుకున్నారు; 2011 మార్చిలో డ్రాయిడ్‌డ్రీమ్ అనే మాల్‌వేర్ (హానికర ప్రోగ్రామ్) ఉన్న యాప్‌లను గూగుల్ వినియోగదారుల ఫోన్లలోంచి దూరం నుంచే తొలగించింది. దొంగ యాప్‌ల విషయంలో అది సబబే. కానీ స్టోర్‌లోంచి తీసేయడం వేరు, నా ఫోన్‌లోంచి, అదీ నన్ను అడగకుండా, తీసేయడం వేరు కదా.

నేను దాన్ని డెవలపర్ వెబ్‌సైట్ నుంచి ఏపీకే ఫైల్‌గా (స్టోర్‌తో పనిలేకుండా ఆండ్రాయిడ్ యాప్‌ను నేరుగా ఇన్‌స్టాల్ చేసే ఫైల్) దింపుకున్నాను; దాన్ని హానికరమని అనుమానించడానికి అదే కారణం కావచ్చు. తొలగించింది అప్‌డేటా, సంస్థ పంపిన ఆదేశమా అన్నది ఫోన్‌లో ఎక్కడైనా నమోదై ఉంటుందా? పాత ఏపీకే నా దగ్గరే ఉంది. దాన్ని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే లెక్కలు తిరిగి వస్తాయా, లేక మిగిలిన జాడలు కూడా చెరిగిపోతాయా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు. అంతవరకు ఫోన్‌లో ఏమీ కదపకుండా ఉంచుతున్నాను.