రేకుల రూంల బొమ్మ రైలు లేఅవుట్: ఎండకు పట్టాలు వంకర పోతున్నయి, అవుతలి దిక్కు రైలు ఆగుతంది, ఏం చేయాలె?

చిట్యాల_లూప్‌లైన్ అడిగింది:

అందరికి నమస్తే. మాది నల్గొండ. మేడ మీద రేకుల రూం ఒకటి ఖాళీగ ఉంటే పోయిన డిసెంబర్ల అండ్ల హెచ్‌ఓ (అసలు రైలుకు 87వ వంతు సైజు) బొమ్మ రైలు లేఅవుట్ మొదలువెట్టిన. 8×4 ప్లైవుడ్, 12 ఎంఎం, కింద కార్పెంటర్‌తోని కట్టె ఫ్రేం కొట్టించిన. చుట్టు ఒక ఓవల్, కర్వులు 18 ఇంచుల రేడియస్, ముందర దిక్కు రెండు పాయింట్లు (బండి ఒక పట్టా మీదికెల్లి ఇంకో పట్టా మీదికి మారే జాగలు) పెట్టి ఒక లూప్ (బండి పక్కకు ఆగే లైను). అంతే, పెద్దగ ఏం లేదు. ఇంజన్ ఒకటి డీజిల్‌ది, నీలం రంగు ఐసీఎఫ్ (పాత రకం ప్యాసింజర్) బోగీలు అయిదు.

ఎందుకు ఈ పిచ్చి అంటే, చిన్నప్పుడు బాపు నన్ను సికింద్రాబాద్ తీస్కపోయేటప్పుడు ప్యాసింజర్ల పోయేటోళ్ళం, మా లైను సింగిల్ లైన్ కదా, చిట్యాల్ల మా బండిని లూప్‌ల పడేసి ఎంతసేపో ఆపేది, అందరు దిగి చెట్టు కింద నిలబడి పల్లీలు తింటుంటే ఒక్కసారి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ దుమ్ము లేపుకుంట మెయిన్ మీదికెల్లి పోయేది. అప్పుడు ఆగినందుకు అందరు తిట్టేది, నాకు మాత్రం గదే ఇష్టం. గా సీను ఇంట్ల చేసుకుందామని నా ఆశ.

ఇప్పుడు బాధలు చెప్త. ఒకటి, కంట్రోలర్ వైర్లు పెట్టిన కాడ రైలు మంచిగ ఉరుకుతది, అవుతలి దిక్కు పోంగనే ముసలి ఎద్దు లెక్క అయితది, ఒక్కోసారి ఆగిపోతది, చేత్తోని నూకాలె. పట్టాలు సాండ్ పేపర్‌తోని రుద్దిన, రెండు దినాలు బాగున్నది మళ్ళ అదే కథ. రెండు, కర్వుల ఎనక బోగీలు పడిపోతయి, ఎక్కువగ నాలుగోది అయిదోది. మూడు, ఇదే అసలు బాధ, ఈ నెల ఎండలు మొదలైనంక మధ్యాహ్నం రెండు గంటలకు పోయి చూస్తే వెనక స్ట్రెయిట్ లైన్ పాము లెక్క వంకర తిరిగి ఉన్నది! రాత్రి మళ్ళ చూస్తే చాలా మట్టుకు సక్కగయింది. నేనే ఏదో భ్రమ పడ్డ అనుకున్న, మర్నాడు ఫోటో తీసిన, నిజమే.

ఆన్‌లైన్‌ల సామాన్లు అమ్మేటాయన (పేరు ఎందుకు లే) డీసీసీ (డిజిటల్ కంట్రోల్) పెట్టుకో అన్ని సెట్ అయితయి అంటున్నడు, ఇంకొకాయన ఎన్ స్కేల్‌కు (ఇంకా చిన్న సైజుకు) మారు అంటున్నడు. మారుడంటే ఉన్నయన్ని మూలకు పడేసుడే. ఇంట్లనేమో ఆ రూంల మిరపకాయలు ఆరవోసుకుంట ఇయ్యి అంటున్నరు. జర జల్ది చెప్పుండ్రి.

---

సోల్డర్_పొగ రాసింది:

అన్నా ముందుగాల ఆ సాండ్ పేపర్ అవుతల పారెయ్. దాంతోని రుద్దితే పట్టా మీద గీతలు పడ్తయి, ఆ గీతలల్లనే మళ్ళ మురికి కూసుంటది, రెండు దినాలకే ఆగింది అందుకే. మొబైల్ రిపేర్ షాపుల ఐపీఏ అని బోర్డులు కడిగే ద్రవం దొరుకుతది, పాత బనీను ముక్కకు అద్ది తుడువు, చాలు. ఇంజన్ చక్రాలు కూడా తుడువు, అందరు అదొక్కటి మర్చిపోతరు.

ఇగ అవుతలి దిక్కు మెల్లగ పోవుడు. నువ్వు ఒక్క కాడనే వైర్లు ఇచ్చినవ్ కదా? కరెంటు అక్కడికెల్లి అవుతలికి పోవాలంటే ఎన్ని జాయినర్లు దాటాలె లెక్కపెట్టు. జాయినర్ అంటే పట్టాలను వరుసల పట్టి ఉంచే రేకు ముక్క, అది కరెంటుకు నమ్మకమైంది కాదు, ఒక్కోదాని కాడ ఇంతింత తగ్గుకుంట పోతది. మల్టీమీటర్ ఉంటే చూడు, కానీ ఒక ముచ్చట, ఖాళీ పట్టా మీద పెట్టి చూస్తే రెండు దిక్కుల ఒకటే ఓల్టేజ్ చూపిస్తది, అంతా బాగానే ఉన్నది కదా అనుకుంటవ్. రైలు అక్కడ పెట్టి, నడిచేటప్పుడు కొలవాలె. అప్పుడు బయటపడ్తది దొంగ.

మందు చీప్‌దే. ఇంటి వైరింగ్‌కు వాడే 1.5 ఎస్‌క్యూ ఎంఎం వైరు రెండు రంగులది తెచ్చి బల్ల కిందికెల్లి చుట్టు తిప్పు. దానికెల్లి మీటరుకు ఒక కాడ సన్న వైర్లు పైకి తీసి పట్టాలకు సోల్డర్ పెట్టు. సన్న వైరు అంటే పాత లాన్ కేబుల్ చీలిస్తే వస్తది చూడు, జానెడు ముక్కలకు అది చాలు. సోల్డర్ పెట్టేటప్పుడు ఐరన్ బాగ కాలనిచ్చి రెండు సెకండ్లల్ల పని అయిపోవాలె, చల్ల ఐరన్‌తోని రుద్దుకుంట కూసుంటే ప్లాస్టిక్ స్లీపర్లు కరిగి గేజ్ (రెండు పట్టాల నడుమ దూరం) పోతది. రెండు పక్కల తడి దూది పెడితే ఇంకా మంచిది.

ఇంకోటి, నీ అడాప్టర్‌కు షార్ట్ కటాఫ్ (షార్ట్ అయితే తనంతట తనే బంద్ అయ్యేది) ఉన్నదో లేదో. బోగీ పడిపోయిన ప్రతిసారి చక్రం అడ్డం పడి షార్ట్ అయితది. బైక్ మెకానిక్ కాడ 12 ఓల్టుల 21 వాట్ల బల్బు తెచ్చి పట్టాలకు పోయే ఒక వైరు నడుమ సిరీస్‌ల పెట్టు. రైలు మామూలుగ నడుస్తుంటే బల్బు వెలగదు, షార్ట్ అయితే ధగ్గున వెలుగుతది, అప్పుడు కరెంటు రెండు ఆంపులు దాటదు. నా కాడ ఆరేండ్ల నుంచి గదే నడుస్తంది.

డీసీసీ సంగతంటవా, అది ఒకే పట్టా మీద రెండు ఇంజన్లను వేర్వేరుగ నడుపుకునే పద్ధతి. అది పెట్టినా జాయింట్లు నీ పాతయే కదా. పైగా మురికికి డీసీసీ ఇంకా ఎక్కువ అలుగుతది. వైరింగ్ సెట్ చేసుకో, తర్వాత సరదా ఉంటే ఆర్డుయినో మెగా అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు మీద డీసీసీ-ఈఎక్స్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉన్నది, మనమే చేసుకోవచ్చు, ఆయన కాడ కొనాల్సిన పనే లేదు.

---

పాలమూరు_గార్డు_కొడుకు రాసింది:

తమ్మీ నీ పోస్టు చదివి మా నాయిన యాదికొచ్చిండు. మా పాలమూరు లైను తొంభైలల్ల బ్రాడ్ గేజ్ అయ్యేదాక మీటర్ గేజే. నాయిన గార్డు డ్యూటీ దిగి ఇంటికొస్తే బట్టల నుంచి బొగ్గు వాసన వచ్చేది.

సోల్డర్ తమ్ముడు కరెంటు ముచ్చట సరిగ్గ చెప్పిండు, నేను పట్టాల ముచ్చట చెప్త. నువ్వు పట్టాలు పరిచింది డిసెంబర్ల, పొద్దుగాల్నో రాత్రో, అంటే పదిహేను డిగ్రీల చలిల. జాయింట్లు టైట్‌గ ఒకదానికొకటి ఆనించి కొట్టినవ్, అవునా? ఇప్పుడు రేకుల కింద మధ్యాహ్నం యాభై డిగ్రీలు ఉంటది. ముప్పై అయిదు డిగ్రీల తేడాకు నీ 8 అడుగుల నికెల్ సిల్వర్ పట్టా దగ్గర దగ్గర 1.4 మిల్లీమీటర్లు సాగుతది. ప్లైవుడ్ అట్ల సాగదు, పైగా ఎండకు చెమ్మ ఇగిరిపోయి ఇంత గుంజుకుంటది. పట్టాకు పోయే జాగ ఏది? మిల్లీమీటరున్నర అంటే ఏముందిలే అనుకోకు. రెండు కొసలు గట్టిగ పట్టుకొని నడుమ మేకులు లేకుంటే, ఆ సాగింది లెక్క ప్రకారం మూడున్నర సెంటీమీటర్లు పక్కకు వంగుతది. ఒక స్కేలు తీస్కొని రెండు కొసలు పట్టి జర్రంత నొక్కి చూడు, నీకే సమజయితది. నిజం రైల్వేల కూడా ఎండకాలం గ్యాంగ్‌మెన్ పట్టాల మీద కండ్లు పెట్టి తిరిగేది ఇందుకే.

ఇప్పుడే విప్పు, మంచి టైం. మధ్యాహ్నం రూం కాలుతున్నప్పుడు పరిస్తే జాయింట్లు ఆనించినా నష్టం లేదు, చలికాలం తెరుచుకుంటయి. అదే చలిల పరిస్తే మీటరుకు ఒక కాడ విజిటింగ్ కార్డు మందం రెండు మడతలు సందు ఇడువాలె. స్ట్రెయిట్‌ల జాయింట్లు సోల్డర్ చెయ్యకు, వట్టి కరెంటు వైర్లే సోల్డర్ చెయ్యి. కర్వుల ఫ్లెక్స్ ట్రాక్ (చేత్తోని వంచుకునే పట్టా) అయితే జాయింట్ సోల్డర్ చేసినంకనే వంచు, లేకుంటే ఆడ మూల తేలుతది. సాయంత్రం పూటనే నడుపుకో, రేకు కింద తెల్ల పెయింటో థర్మోకోలో కొట్టిస్తే నీకు కూడా కూసోవడానికయితది.

ఇగ బోగీలు పడుడు. ఐసీఎఫ్ బోగీ అసలుది 21.3 మీటర్లు ఉంటది, 87 తోని భాగిస్తే 24 సెంటీమీటర్ల పైన. నీ కర్వు రేడియస్ 46 సెంటీమీటర్లు, అంటే బోగీకి రెండింతలు కూడ లేదు. మూడింతలు ఉంటే గాని పెద్ద బోగీలు నిమ్మళంగ తిరగవు. నడుమ భాగం లోపటికి, మూలలు బయటికి పోతయి, కప్లింగ్ (బోగీలను కలిపే కొక్కెం) పక్కకు గుంజుతది, తేలిక బోగీ కింద పడ్తది. పట్టా తప్పు కాదు, చక్రం తప్పు కాదు. ఇంకో లెక్క చెప్త, ఇంజన్ 20, బోగీలు అయిదు కలిపి 122, మొత్తం మీటరున్నరకు జర తక్కువ. నీ బల్ల మీద రెండు కర్వులు పోను మిగిలే స్ట్రెయిటే అంత, అండ్ల పాయింట్లు కూడ పట్టాలె. నీ అయిదు బోగీలు నీ లూప్‌ల అసలు పడ్తనే లేవు, తోక పాయింట్ మీద నిలబడ్తది, అవునా కాదా నిజం చెప్పు. అసలు ఎక్స్‌ప్రెస్‌కు ఇరవై పైనే ఉంటయి, అంత పెట్టాలంటే ఇంట్ల గోడ పగలగొట్టాలె.

నా మాట ఇంటే నల్గొండ లైన్ల బతుకే గూడ్స్ మీద ఉన్నది. విష్ణుపురం దిక్కు సిమెంట్ ఫ్యాక్టరీలు, సిమెంట్ గూడ్సులు నువ్వు చూడంది కాదు. సిమెంట్ బస్తాలు మోసే మూత వ్యాగన్ బీసీఎన్‌ఏ 14.45 మీటర్లు, హెచ్‌ఓల 16.6 సెంటీమీటర్లు. నీ 18 ఇంచుల కర్వుకు అది హాయిగ తిరుగుతది. సన్‌బోర్డు తోని డబ్బాలు కోసి కింద పాత బోగీల చక్రాలు పెట్టు, ఎర్ర మట్టి రంగు కొట్టు, నాలుగు వ్యాగన్లు ఒక బ్రేక్‌వ్యాన్. ఇంత బరువు కూడా పెట్టు, లోపల నట్లు బోల్టులు వేసి ఫెవిక్విక్ కొట్టు. గూడ్స్ లూప్‌ల ఆగి ఉంటది, మూడు బోగీల ప్యాసింజర్ మెయిన్ మీద పోతది. నీ సీను జర ఉల్టా అయితది కానీ చిట్యాల చిట్యాలే.

నీ కాడున్న మామూలు డీసీ కంట్రోలర్‌తోనే ఇది అయితది. మెయిన్‌కు లూప్‌కు ఒక దిక్కు పట్టా కోసి ప్లాస్టిక్ జాయినర్ పెట్టి, ఒక్కోదానికి ఒక మామూలు టాగుల్ స్విచ్. లూప్ స్విచ్ బంద్ చేస్తే గూడ్స్ ఉన్న కాడనే నిలబడ్తది. వెనక దిక్కు ఇంకో లూప్ వేసి అట్ట గోడ అడ్డం పెట్టు, అది రామన్నపేట స్టేషన్ అనుకో. అప్పుడు ఎదురెదురుగ రెండు బండ్లు ఈడోసారి ఆడోసారి క్రాసింగ్ చేసుకోవచ్చు, కాకపోతే ఒకటి నడిచేటప్పుడు ఇంకోటి ఆగాలె. నిజం సింగిల్ లైన్ల కూడ అంతే కదా.

పాయింట్ కాడ పడితే మాత్రం చక్రాల మధ్య లోపలి దూరం చూడు, హెచ్‌ఓకు 14.5 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలె. చీప్ బోగీలల్ల ఇది తేడా వస్తది.

---

గేజ్_పంచాయితీ రాసింది:

ఒక చిన్న మాట. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు, 87 తో భాగిస్తే 19.3 రావాలి. హెచ్‌ఓ పట్టా 16.5. అంటే మీరందరూ నడుపుతున్నది ఇండియన్ రైలు బాడీ, యూరప్ పట్టా. ముందు నుంచి చూస్తే తెలిసిపోతుంది.

---

పాలమూరు_గార్డు_కొడుకు రాసింది:

తెలుసు సారు. ముందటికెల్లి చూడం, పక్కకెల్లి చూస్తం. మీటర్ గేజ్ అయితే 12 మిల్లీమీటర్ల పట్టాకు దాదాపు సరిపోతది, మా నాయిన లైను ఎప్పటికైనా గట్లనే చేస్త, మీరు వచ్చి టేపు పెట్టి కొలువుండ్రి.

---

గద్వాల_టీచరమ్మ రాసింది:

పట్టాలు అయ్యాక సీనరీ మొదలుపెట్టేముందు ఇది చదవండి అన్నా, నేను చేసిన తప్పు మీరు చేయొద్దని. మన చేలల్లో ఎర్రమట్టి ఉండగా కొనుక్కునేదేంటని పొలం మట్టి తెచ్చి దోమల జాలీతో జల్లించి చల్లేశాను, ఫోటోలో అచ్చం మన ఊరే. నెలకు ఇంజన్ గరగర మని ఆగిపోయింది. విప్పి చూస్తే మోటార్ అయస్కాంతానికి నల్లటి సన్న రవ్వలు గడ్డం లాగ అంటుకొని ఉన్నాయి. మన మట్టిలో ఇనుప రవ్వలు ఉంటాయి, పిల్లలకు స్కూల్లో అయస్కాంతంతో ఆట చూపించేది నేనే, ఇంట్లో గుర్తు రాలేదు! ఇప్పుడు మట్టిని ముందు పెంకు మీద వేయించి (పురుగు, తేమ పోతాయి), పాత స్పీకర్ అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి అందులో నాలుగైదు సార్లు తిప్పుతాను. కవర్ తీయగానే రవ్వలు రాలిపోతాయి. బ్యాలస్ట్‌కు (పట్టాల కింద పోసే కంకరకు) కూడా కంకర పొడి టీ జాలీలో జల్లించి ఇదే పని.

అతికించడానికి ముందు నీళ్లు స్ప్రే చేయాలి, నీళ్లలో అంట్లు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. తర్వాత ఫెవికాల్ సగం నీళ్లు సగం కలిపి సిరంజితో చుక్కలు చుక్కలుగా. లిక్విడ్ వేయకపోతే ఫెవికాల్ ముత్యాల్లా పైనే దొర్లుతుంది. గుట్టలకు థర్మోకోల్ వాడితే రెండు షీట్ల మధ్య ఫెవికాల్ వారాలైనా ఆరదు, గాలి తగలదు కదా, పుల్లలు గుచ్చి నిలబెట్టాలి. చెప్పులు అతికించే గమ్ము మాత్రం పెట్టొద్దు, థర్మోకోల్‌ను తినేస్తుంది.

తాటిచెట్లు లేకపోతే అది నల్గొండ కాదు. ఈత చీపురు పుల్ల మొద్దు, పైన కత్తిరించిన చీపురు కొసలు విసనకర్రలా. గుండ్లకు మాత్రం నిజం రాళ్లే, గ్రానైట్ క్వారీ దగ్గర ముక్కలు ఉచితం.

---

చిట్యాల_లూప్‌లైన్ రాసింది:

పన్నెండు దినాల తర్వాత వస్తున్న, అందరికి దండాలు. అన్నకు నిజం చెప్త, అయిదు బోగీలు లూప్‌ల పడలేదు, తోక పాయింట్ మీదనే ఉంటుండె, ఫోటోలల్ల కట్ చేసి పెట్టిన.

మీటర్ పెట్టి కొలిసిన. రైలు నడుస్తుంటే కంట్రోలర్ కాడ 11.6, అవుతలి దిక్కు 8.1! కింద వైర్లు తిప్పి ఆరు కాడ సోల్డర్ పెట్టిన (రెండు స్లీపర్లు కరిగినయి, అది లెక్కల రాసుకోకుండ్రి), ఇప్పుడు 11.3. వెనక లైన్ మొత్తం విప్పి మధ్యాహ్నం చెమటలు కక్కుకుంట మళ్ళ పరిచిన, నిన్న ఎండల చూసిన, సక్కగున్నది. సిమెంట్ వ్యాగన్లు మూడు అయినయి, ఒక్కసారి కూడ పడలేదు. టీచరమ్మ చెప్పినట్టు అయస్కాంతం తిప్పితే దోసెడు మట్టిల చెంచాడు నల్లరవ్వ వచ్చింది, ఇంట్లవాళ్ళు కూడా వచ్చి చూసిండ్రు. మిరపకాయలు మాత్రం సగం రూంల ఆరుతున్నయి, రాజీ.

అన్నా ఒక ముచ్చట అడగాలె. మా బిడ్డ ఏడేండ్లది, స్టేషన్ మాస్టర్ తనే. మీ నాయిన కాలంల టోకెన్‌ను (సింగిల్ లైన్ మీద పోవడానికి ఇచ్చే అనుమతి గుర్తును) బెత్తం రింగుల పెట్టి డ్రైవర్‌కు ఇచ్చేది కదా అని చెప్పిన. అప్పటినుంచి తన స్టీలు గాజు టోకెన్, అది నా చేతిల పెడితే గాని కంట్రోలర్ ముట్టనియ్యదు. నిన్నటిసంది గాజు దొరకుతలేదు, ప్యాసింజర్ పొద్దుగాల నుంచి రామన్నపేట్లనే ఆగి ఉన్నది. ఏం రూల్ దీనికి?

---

పాలమూరు_గార్డు_కొడుకు రాసింది:

రూల్ ఉన్నది తమ్మీ. టోకెన్ పోతే స్టేషన్ మాస్టర్ పేపర్ లైన్ క్లియర్ టికెట్ రాసియ్యాలె, ముందు అవుతలి స్టేషన్‌తోని మాట్లాడి లైన్ ఖాళీ అని రూఢి చేసుకొని. బిడ్డతోని నోట్‌బుక్ కాగితం మీద రాయించి సంతకం పెట్టియ్యి. అవుతలి స్టేషన్ మాస్టర్ ఎవరు మరి, మీ ఇంట్లామెనా? అట్లయితే మిరపకాయలు తీసినంకనే లైన్ క్లియర్ వస్తది.