ఈ వారం సమస్య: చెవులపిల్లి కొన్నది గదా సేద్యభూమి

గంటస్తంభం: సెలవులకి విజయనగరం వచ్చిన మా మనవరాలు పీటర్ ర్యాబిట్ పుస్తకం వదలడం లేదు. ఆ కుందేలును గీసిన ఇంగ్లండు రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ మీదే ఈసారి సమస్య. పై పాదం చివర వచ్చేలా మిగతా మూడు పాదాలు మీరు పూరించాలి. తేటగీతి పద్యపాదంలో తొలి గణం సూర్యగణం (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) కావాలి, 'కుందేలు' తగణమైపోయింది (రెండు గురువులు, ఒక లఘువు). అందుకని కుందేలుకే మరో పేరైన చెవులపిల్లిని దింపాను.

నాగావళి:
మంచమెక్కిన పసివాని మనసు పొంగ
జాబునందొక కుందేలు సాగి దుమికె
అదియె పొత్తమై విరివిగా నమ్ముడయ్యె
చెవులపిల్లి కొన్నది గదా సేద్యభూమి!

గంటస్తంభం: రెండో పాదం ప్రాణమమ్మా. 1893 సెప్టెంబరు 4న, తనకు చదువు చెప్పిన టీచరమ్మ కొడుకు నోయెల్ జబ్బుపడితే రాసిన ఉత్తరం అది. మూడో పాదమే పలచబడింది. 'అదియె పొత్తమై' అన్నంత సులువుగా అయిందా? ప్రచురణకర్తలు వద్దంటే 1901లో సొంత డబ్బుతో 250 ప్రతులు వేయించుకుంది. వార్న్ సంస్థ రంగుల్లో తెచ్చింది 1902లో.

గోస్తని: నాకు కలలో ఒక కుందేలు కనపడి రిజిస్ట్రారాఫీసుకి...

గంటస్తంభం: ఆపు నాయనా. కలలో అయితే ఏనుగు కూడా కొంటుంది. కల పూరణలు ఇక్కడ చెల్లవని పోయినసారే చెప్పాను.

వంశధార:
వరుడు కన్నుమూయగ గుండె బరువు కాగ
నగరి విడిచి కొండలచెంత నిలువఁ దలచి
అమ్మకమున వచ్చిన సొమ్ము నామె కిడుచు
చెవులపిల్లి కొన్నది గదా సేద్యభూమి!

నాగావళి: మాస్టారూ, రెండో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికీ, నాలుగో గణం మొదటి అక్షరానికీ పొంతన) తప్పింది. 'న'కి 'ని' ఎలా కుదురుతుంది? హల్లు ఒకటే గానీ అచ్చులకి మైత్రి లేదు.

వంశధార: నిజమేనమ్మా. 'నిలువఁ దలచి' బదులు 'నాటుకొనగ' అని దిద్దుకుంటాను.

గంటస్తంభం: ఇప్పుడు సరిపోయింది. పెళ్ళి కుదిరిన నెలకే, 1905 ఆగస్టులో, ఆ వార్న్ సంస్థవాడే అయిన వరుడు నార్మన్ వార్న్ పోయాడు. హిల్ టాప్ పొలం కొన్నదీ ఆ ఏడే. అయితే సొమ్మంతా కుందేలుది కాదండీ, బంధువు నుంచి వచ్చిన వారసత్వం కూడా కొంత కలిసింది. 'నగరి విడిచి' కూడా సగమే నిజం. 1913లో పెళ్ళయ్యేదాకా అటు తల్లిదండ్రుల ఇల్లు, ఇటు పొలం.

గోస్తని: పద్యాలమ్మి మన గజపతినగరంలో సెంటు భూమి కొనగలమేటండీ?

చంపావతి:
పుట్టగొడుగు శాస్త్రపు సభ పొమ్మనంగ
కుంచె పట్టి కుందేటికిఁ గోటు దొడిగె
మంద మేపి వేలెకరాలు మందికిచ్చె
చెవులపిల్లి కొన్నది గదా సేద్యభూమి!

వంశధార: ఇంగ్లీషు కోటుకి సరళాదేశం చేసి (సంధిలో 'క'ని 'గ'గా మార్చి) గోటు తొడిగించారు! మంద, మంది బాగా పడ్డాయి.

గంటస్తంభం: 'పొమ్మనంగ' ఒప్పుకోను. ఎవరూ పొమ్మనలేదు, అసలు రానిస్తే కదా. 1897లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం లినియన్ సొసైటీలో ఆమె రాసిన పుట్టగొడుగుల వ్యాసం చదివారు, ఆడవాళ్ళకి ప్రవేశం లేక ఆమె మాత్రం అక్కడ లేదు. 'సభఁ బోవలేక' అంటే యతీ నిలుస్తుంది, నిజమూ నిలుస్తుంది.

చంపావతి: మార్చాను మాస్టారూ. వేలెకరాలంటే ఎక్కువ చెప్పానా?

గంటస్తంభం: లేదు తల్లీ, తక్కువే చెప్పావు. హెర్డ్‌విక్ జాతి గొర్రెల మందలతో సహా నాలుగు వేల ఎకరాలకు పైనే, ప్రజల కోసం భూముల్ని కాపాడే నేషనల్ ట్రస్టుకి రాసి, 1943లో పోయింది. మూడో పాదం అలాగే ఉంచు. మనవరాలికి నీ పద్యమే చదివి వినిపించాను. "గోటు అంటే ఏంటి తాతయ్యా?" అంది.