'రుచుల జాడ'లో జాడ అంటే?

రమణ: మందుపాతరలు వెతికే పరికరాల మీద వ్యాసం రాస్తున్నాను. మేకు ఉన్నా మందుపాతర ఉన్నా డిటెక్టర్ మోగుతుందని రాస్తుంటే వేమన గుర్తొచ్చాడు. 'చూడఁజూడ రుచుల జాడ వేరు' అనా, 'రుచులు జాడ' అనా? ఇంతకీ జాడ అంటే ఆనవాలా, తీరా?

శారద: 'రుచుల' అనే, రమణ గారూ. 'రుచులు' అన్నా మూడు లఘువులే కాబట్టి గణం చెడదు, అన్వయం చెడుతుంది. జాడ అంటే తీరు. చూడ, జాడల్లో రెండో అక్షరం 'డ' కలవాలనే ప్రాసయతి కోసం పడిన మాట.

మూర్తి: వేమన యతి కోసం మాట వేశాడంటే ఒప్పుకోను. ఉప్పూ కప్పురమూ కంటికి ఒకటే, నాలుక పట్టేదే జాడ. కాబట్టి ఆనవాలే. మందుపాతరా అంతే. తీగచుట్ట పుట్టించే అయస్కాంత క్షేత్రానికి నేలలోని లోహంలో విద్యుత్తు పుడుతుంది, దాన్ని పట్టుకునే పరికరం మోగుతుంది. అది మేకో మరొకటో చెప్పదు. ప్లాస్టిక్ మందుపాతరల్లో ఫైరింగ్ పిన్ పాటి లోహమే ఉండొచ్చు. దానికోసం సెన్సిటివిటీ పెంచారా, ప్రతి తూటా గుల్లా మోగుతుంది.

శారద: ఇనుము పాలు ఎక్కువున్న ఎర్రమట్టి అయితే నేలే మోగుతుంది. అందుకే కొన్నిటికి నేలలోకి చూసే రాడార్ కూడా జతచేశారు.

లక్ష్మి: రమణ గారూ, దయచేసి 'యంత్రం పసిగట్టింది' అని మాత్రం రాయకండి. పసి అంటే వాసన. కాంబోడియాలో మగావా అనే ఎలుక పేలుడు పదార్థం వాసన పట్టి 71 మందుపాతరలు చూపించింది. 2020లో దానికి బ్రిటన్ జంతు సంక్షేమ సంస్థ పీడీఎస్ఏ బంగారు పతకం ఇచ్చింది. పసిగట్టడమంటే అదీ!

మూర్తి: పసికట్టడం అనాలండీ. ముందు మాట చివర ద్రుతం, అంటే నకారం, లేనిచోట 'క' కాస్తా 'గ' ఎలా అవుతుంది?

లక్ష్మి: 'పనిగట్టుకొని' అనేటప్పుడు ఏ ద్రుతం ఉంది మూర్తి గారూ?

మూర్తి: అది వాడుకలో స్థిరపడింది.

లక్ష్మి: ఇదీ స్థిరపడిందే.

రమణ: మరి జాడ?

మూర్తి: ఆనవాలే. మోత వినగానే తవ్వరు. మోకాళ్ల మీద వంగి, సలాకను సుమారు 30 డిగ్రీల ఏటవాలుగా మట్టిలోకి మెల్లగా పోనిస్తారు, మందుపాతర పక్కకు తగలాలి గాని పైకి తగలకూడదని. ఆ కొన పట్టేదే జాడ.

శారద: సలాక సంగతి నిజమే, వేమనకు అంటగట్టకండి. తర్వాతి పాదం చదవండి: 'పురుషులందు పుణ్యపురుషులు వేరయా'. అక్కడ పుణ్యపురుషుల తీరు వేరంటున్నాడు గాని వాళ్ల ఆనవాళ్లు వెతకడం లేదు కదా.