కోలుకుంటున్న పిల్ల కంచం దగ్గర తల్లి కూర్చోవాలా, వద్దా?

సీతమ్మధార అమ్మ: మా అమ్మాయికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. అనోరెక్సియా, అంటే లావవుతానన్న భయంతో తిండి తగ్గించేసే మానసిక జబ్బు, అని తేలి ఎనిమిది నెలలైంది. పూటపూటా మాలో ఒకరు ఎదురుగా కూర్చుని తినిపించాలని డాక్టరు గారు చెప్పారు. నేనే కూర్చుంటున్నాను. నిన్న మా ఆడపడుచు వచ్చి, ‘పిల్లను ఖైదీని చేశావు వదినా’ అంది. నేను చేస్తున్నది తప్పా?

లాసన్స్ బే: తప్పే. నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఇదే జబ్బు. నాన్నగారు ఎదురుగా కుర్చీ వేసుకుని నేను తినే ముద్దలు లెక్కపెట్టేవారు. ఇప్పటికీ కుర్చీ జరిపిన చప్పుడు వింటే నాకు కడుపు బిగుసుకుపోతుంది.

గాజువాక రావు: ఇంట్లో బరువు చూసుకునే మిషను ఉందా? ముందది చెప్పండి.

మధురవాడ: మన అమ్మమ్మలు ఎన్ని ఉపవాసాలు చేయలేదు! ఇది జబ్బు కాదు, మొండితనం. గట్టిగా పెడితే వారంలో దారికి వస్తుంది.

పెందుర్తి నర్సు: మధురవాడ గారూ, ఉపవాసం సాయంత్రానికి ముగుస్తుంది. ఈ జబ్బులో పిల్ల తనంతట తాను ముగించలేదు. చాలాకాలం తినని శరీరానికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫేటు అనే లవణం పడిపోయి గుండెకే ముప్పు వస్తుంది. డాక్టరు పర్యవేక్షణ అందుకే. మీరు మొండితనం అంటున్న ఆ కసురుకోవడం కూడా ఆకలి లక్షణమే. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు దాదాపు ఆరు నెలలు సగం తిండే పెట్టి చూశారు. వాళ్లకూ చిరాకు పెరిగింది, పదిమందిలో కలవడం మానేశారు, ధ్యాసంతా తిండి మీదే.

అమ్మగారూ, మీ డాక్టరు చెప్పిన పద్ధతి లండన్‌లోని మాడ్స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకుంది, ముఖ్యంగా టీనేజి పిల్లల కోసం. మొదట తిండి బాధ్యత తల్లిదండ్రులది. బరువు పుంజుకున్నాక కొద్దికొద్దిగా పిల్ల చేతికి అప్పగిస్తారు. జబ్బుకు తల్లిదండ్రులను తప్పుపట్టకపోవడం అందులో ముఖ్యం. లాసన్స్ బే గారికి అప్పటికే ఇరవై రెండేళ్లు. ఆ వయసుకు ఇదే పద్ధతి ఇలాగే సరిపోదు.

గాజువాక రావు: మిషను సంగతి ఎవరూ చెప్పరేం? మా అమ్మాయి చదివిన హాస్టల్లో ఆటల మాస్టారు అందరి ముందూ బరువు చూసి పైకి చదివేవాడు. ఆరేళ్లయింది. ఇవాళ్టికీ మా అమ్మాయి పెళ్లి భోజనాలకు రాదు. ఆ మిషను తీసి అవతల పెట్టండి!

లాసన్స్ బే: పద్ధతి పేరు ఏదైనా కాపలా కాపలానే. అమ్మగారు కూర్చునేది తన భయం తీరడానికి, పిల్ల కోసం కాదు.

సీతమ్మధార అమ్మ: నా భయమా? ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున స్నానాల గది గుమ్మంలో పడి ఉంది. విశాఖ ఉక్కలో రెండు స్వెట్టర్లు వేసుకుని ఉంది, అయినా చేయి పట్టుకుంటే మంచుముక్క. ఆ చేయి వదిలేసి పక్కగదిలో టీవీ చూడమంటారా? మీరు తల్లి అయి ఉంటే తెలిసేది.

లాసన్స్ బే: తల్లిని కాలేదు. నిజమే. కూతురిని మాత్రం అయ్యాను. నాన్న లెక్కపెడుతుంటే అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది. ఒక్క పూట కూడా తన కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చోలేదు. నా కోపం కుర్చీ మీద కాదండీ. మీరు ఆ పిల్లతో పాటు తింటారా?

పెందుర్తి నర్సు: ఇద్దరూ ఒక్క క్షణం ఆగండి. ఇంట్లో వాళ్లకు కూడా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోను చేయవచ్చు. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

సీతమ్మధార అమ్మ: తినను. అందరూ తిన్నాక గిన్నెలు సర్దుతూ తింటాను. శనివారం ఒక్కపూటే. పెళ్లయినప్పటి నుంచీ అంతే. పోయిన నెల అమ్మాయి, ‘నువ్వు తింటుండగా నేనెప్పుడూ చూడలేదమ్మా’ అంది. మాట తప్పిస్తోందనుకుని, ‘ముందు నువ్వు కానీ’ అన్నాను. లాసన్స్ బే గారూ, ‘తల్లి అయి ఉంటే’ అని మిమ్మల్ని అన్నందుకు క్షమించండి.

మధురవాడ: ఆడవాళ్లు ఆఖరున తినడం మన ఇళ్లలో కొత్తా?

లాసన్స్ బే: కొత్త కాదు. అందుకే అడిగాను.

సీతమ్మధార అమ్మ: రావు గారూ, మిషను అటక మీదకు ఎక్కించాను. డాక్టరు గారి దగ్గరే చూపిస్తాం. రాత్రి రెండు కంచాలు పెట్టాను. చారన్నం, బెండకాయ వేపుడు. అందరికంటే ముందు తినడం అలవాటు లేక నాకే ముద్ద దిగలేదు. తను నా కంచం వంక చూసి, ‘నువ్వు వేపుడు వేసుకోలేదేం?’ అంది. వేసుకున్నాను. తను తినడానికి నలభై నిమిషాలు పట్టింది, నాకూ అంతే పట్టింది. రేపు శనివారం. అత్తయ్యగారితో మాట్లాడాలి.