ఎంపీ గారికి అణ్వాయుధాల మీద అర్జీ: 'కావున' తర్వాత ఏం రాయాలి?

ట్రంకురోడ్డు డీటీపీ, కావలి:
మాది కావలిలో డీటీపీ, జిరాక్స్ షాపు. రోజూ కొట్టేవి పింఛన్ అర్జీలు, పాస్‌బుక్కులో తప్పులు, సైడు కాలువలు. నిన్న మా లెక్కల సారు (రిటైరై పదిహేనేళ్లు) చేత్తో రాసిన నాలుగు ఠావులు తెచ్చారు. ఎంపీకట. విషయం: అణ్వాయుధాల తగ్గింపు. అను ఫాంట్లలో 'అణ్వస్త్ర' కొట్టేసరికి మా కుర్రాడికి చెమటలు పట్టాయి. హిరోషిమా ఉంది, పోఖ్రాన్ ఉంది, ప్రపంచశాంతి రెండు పేజీలుంది. అడిగేది మాత్రం ఎక్కడా లేదు. అర్జీలు కొట్టీ కొట్టీ నాకు తెలిసిందేమంటే, 'కావున' తర్వాత అవతలివాడు చెయ్యగలిగే పని ఉండాలి. అణుబాంబుల విషయంలో ఎంపీ చేతిలో ఉండేదేంటి?

ఒంగోలు బుల్లోడు:
అన్నా, అవి ఢిల్లీవాళ్లు చూసుకుంటారు. పాకిస్తాన్, చైనాల్ని పక్కన పెట్టుకుని మనం తగ్గించుకుంటామా? ముందు మా వీధికి నీళ్లెప్పుడొస్తాయో అడగమను.

నెల్లూరు ప్లీడరు:
తమ్ముడూ, పాకిస్తాన్‌తో మాటే కుదరదనుకోకు. అణు కేంద్రాల మీద దాడి చెయ్యకూడదని 1988లో ఇద్దరూ రాసుకున్నారు. 1992 నుంచి ఏటా జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. కార్గిల్ అయ్యాక కూడా ఆపలేదు.

డీటీపీ గారూ, 'ఒప్పందం మీద సంతకం పెట్టించండి' అని రాయకండి. ఎన్‌పీటీలో (అణ్వాయుధాలు కొత్త దేశాలకు పాకకుండా చేసుకున్న ఒప్పందం) మనం లేం, సీటీబీటీలో (అణు పరీక్షలు వద్దనే ఒప్పందం) లేం, 2021లో అమల్లోకొచ్చిన అణ్వాయుధాల నిషేధ ఒప్పందంలోనూ లేం. సంతకం కేంద్ర ప్రభుత్వం పని, దానికి పార్లమెంటు ఓటు అక్కర్లేదు. ఎంపీ చెయ్యగలిగింది పార్లమెంటులో విదేశాంగ శాఖకు ప్రశ్న వెయ్యడం. జవాబు రికార్డులో పడుతుంది, తర్వాత ఎవరైనా తీసి చూపించొచ్చు. అమెరికా, రష్యా మోహరించే దూరప్రాంత అణు వార్‌హెడ్లు (బాంబులు) చెరి 1,550 దాటకూడదన్న న్యూ స్టార్ట్ ఒప్పందం గడువు 2026 ఫిబ్రవరి 5తో తీరిపోయింది. దాని చోట ఇంకొకటి రావాలని మన ప్రభుత్వం ఎక్కడ, ఏం మాట్లాడుతోంది? అణుబాంబు ముందుగా మనం వాడబోమని 2003లో చెప్పిన మాట మీదే ఉన్నామా? ఈ రెండూ చాలు.

ట్రంకురోడ్డు డీటీపీ, కావలి:
నాలుగు ఠావులు ఒక పేజీకి దిగాయి సార్. హిరోషిమా తీసేద్దామంటే సారు ఒప్పుకోలేదు, పైన రెండు లైన్లు ఉంచాం. 'కావున' కింద మీ రెండు ప్రశ్నలే. ఒంగోలు తమ్ముడి నీళ్ల సంగతి కూడా వెనకవైపు కొడదామా అన్నాను. "వాళ్ల ఎంపీ వేరురా, అది వేరే అర్జీ" అన్నారు. తమ్ముడూ, ఇటు వచ్చినప్పుడు షాపుకి రా, అదీ కొట్టిస్తా.