లావెండర్ నూనెలో కర్పూరపు ఘాటు ఎందుకు? సెంటులో దాని వాసన నిలవాలంటే ఏం కలపాలి?

మరువం, తిరుపతి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇంట్లోనే చిన్న మోతాదులో సెంట్లు కలుపుతున్నాను. ఇంతవరకు బంధువులకు, స్నేహితులకు ఇవ్వడమే తప్ప అమ్మలేదు. మల్లెలు, మరువం, శ్రీగంధం వాసనలు చిన్నప్పటి నుంచి తెలిసినవే గాని, లావెండర్ నాకు కొత్త. పోయిన నెల ఒక దుకాణంలో ‘స్వచ్ఛమైన లావెండర్ నూనె’ అని చీటీ అంటించిన 50 మిల్లీలీటర్ల సీసా కొన్నాను. డ్రాయింగు కాగితాన్ని సన్నని పట్టీలుగా కత్తిరించి, ఒక చివర నూనెలో ముంచి, గడియారం ఎదురుగా పెట్టుకుని వాసన చూశాను. మొదటే తలనొప్పి బామ్ మూత తీసినట్టు కర్పూరపు ఘాటు ముక్కుకు తగిలింది, దాని వెనుకనే పూల వాసన వచ్చింది. సాయంత్రానికి పట్టీ మీద చెప్పుకోదగ్గ వాసన ఏమీ మిగలలేదు. ఏడాది క్రితం వేరే చోట కొన్న నూనెలో ఈ ఘాటు లేదు, అది సగం సీసా ఇంకా ఉంది. నాకు అమ్మినది నకిలీ నూనేనా, లేక లావెండర్ గుణమే ఇంతా? దాని వాసన నిలవాలంటే మనకు ఇక్కడ దొరికే వాటిలో ఏం కలపవచ్చు?

వట్టివేరు, చిత్తూరు

నమస్కారమండి. అగరబత్తీల తయారీకి నూనెలు కొనే పనిలో చాలాకాలం ఉన్నాను కనుక మీ మొదటి సందేహానికి జవాబు చెప్పగలను. మీ దగ్గర ఉన్నది నకిలీ నూనె కాకపోవచ్చు, లావెండర్ పేరుతో అమ్మిన లావండిన్ నూనె అయి ఉండవచ్చు. అసలు లావెండర్ కొండవాలుల్లో, చల్లటి వాతావరణంలో పెరిగే మొక్క. ఘాటైన వాసనగల స్పైక్ లావెండర్‌తో అది కలిసి పుట్టిన సంకరజాతి లావండిన్. ఈ సంకరానికి మొలకెత్తే విత్తనాలు ఉండవు, కొమ్మలు నాటి పెంచుతారు. ఎకరానికి నూనె అసలు లావెండర్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తుంది కాబట్టి ధర బాగా తక్కువ, సబ్బులకు, బట్టల పొడులకు ఎక్కువగా వెళ్లేది అదే. మంచి లావెండర్ నూనెలో కర్పూరం సాధారణంగా 1 శాతం కూడా ఉండదు, గ్రోసో రకం లావండిన్‌లో 6 నుంచి 8 శాతం వరకు ఉంటుంది. మీ ముక్కు పట్టుకున్నది ఆ తేడానే.

లావండిన్ చెడ్డ సరుకు కాదు, సబ్బుకు చక్కగా పనికొస్తుంది. దాన్ని లావెండర్ అని చెప్పి ఆ ధరకు అమ్మడమే తప్పు. ఇకమీదట కొనేటప్పుడు చీటీ మీద మొక్క శాస్త్రీయ నామం లావాండులా అంగుస్టిఫోలియా అని ఉందో లేదో చూడండి, ఆ సరుకు తాలూకు జీసీ రిపోర్టు (నూనెలో ఏ పదార్థం ఎంత శాతం ఉందో చూపే ప్రయోగశాల పరీక్ష నివేదిక) అడగండి. అందులో ముఖ్యంగా చూడవలసినవి లినలైల్ ఎసిటేట్, లినలూల్, కర్పూరం. లావెండర్ పూల వాసనకు ముఖ్య కారణమైన మొదటి రెండూ ఒక్కొక్కటి సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉండటం సహజం. అయితే ఆ రెండింటినీ ఫ్యాక్టరీలో తయారు చేసి నూనెలో కలిపేవారు కూడా ఉన్నారు, కాబట్టి అంకెలు సరిపోయినా నమ్మకమైన చోట కొనడమే మేలు. మన దేశంలోనే జమ్మూ ప్రాంతంలోని భదర్వాలో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ నడిపే, సువాసన మొక్కల సాగును ప్రోత్సహించే అరోమా మిషన్ కింద రైతులు లావెండర్ పండించి, ఆవిరి పద్ధతిలో నూనె తీస్తున్నారు. ఆ నూనె తెప్పించుకోగలిగితే ఒకసారి పోల్చి చూడండి.

ధవనం, తిరుపతి

పైవారు సరిగ్గా చెప్పారు. రెండో ప్రశ్న గురించి నేను రాస్తాను, ఎందుకంటే ఈ నూనెతో నేనూ చాలాకాలం తంటాలు పడ్డాను. వాసన సాయంత్రానికి పోవడం మీ నూనె లోపం కాదు. లావెండర్‌లోని ముఖ్య పదార్థాలు తేలికగా ఆవిరైపోయేవి. అది సెంటును మొదలుపెట్టే వాసన, ముగించే పని కింద ఉండే బరువైన వాసనలది. పారిస్‌లో 1882లో వచ్చిన ‘ఫూజేర్ రొయాల్’ అనే సెంటు ఈ సంగతినే చూపించింది. లావెండర్ కింద ఎండుగడ్డి లాంటి తీపి వాసనగల కూమరిన్‌ను, ఓక్ చెట్ల మీద పెరిగే నాచు వాసనను ఉంచిన ఆ కూర్పు పేరునే తరువాత ఒక సెంట్ల కుటుంబానికి పెట్టారు, ఈనాటికీ మగవారి సెంట్లలో చాలా భాగం ఆ కుటుంబానివే. 1934లో ఫ్రాన్సుకు చెందిన సెంట్ల సంస్థ కారోన్ లావెండర్ కింద వెనిలా ఉంచింది. 1889 నాటి ‘జికీ’ అనే ఫ్రెంచి సెంటులో లావెండర్‌తో పాటు పునుగు కూడా ఉంది. శుక్రవారం అభిషేకం తరువాత శ్రీవారికి పునుగు తైలం పూసే ఊళ్లో ఉంటూ ఈ మాట మొదటిసారి చదివినప్పుడు నాకు ఎంతో ఆశ్చర్యం, సంతోషం కలిగాయి.

మనకు దొరికే వాటిలో లావెండర్‌కు వట్టివేరు నూనె, శ్రీగంధం నూనె బాగా కుదురుతాయి. శేషాచలం ఎర్రచందనం పేరులో చందనం ఉన్నా దాని చేవకు వాసన దాదాపు ఉండదు కనుక, ‘చందనం నూనె’ అని ఎవరైనా చూపిస్తే అది ఏ చెట్టుదో అడిగి తీసుకోండి. నేను మొదలుపెట్టే పాళ్లు ఇవి: లావెండర్ 10 చుక్కలు, శ్రీగంధం 6, వట్టివేరు 1. వట్టివేరు రెండో చుక్క పడితే తడిమట్టి వాసన అన్నిటినీ కప్పేస్తుంది. కలిపిన వెంటనే తీర్పు చెప్పకుండా సీసాను రెండు వారాలు చీకట్లో ఉంచి చూడండి. ధవనం నూనె పుల్ల కొనతో అంటించినంత చాలు, అది పండు తీపిని ఇస్తుంది.

సాంబ్రాణి, చిత్తూరు

ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఏడాదిగా సగం ఖాళీగా ఉన్న ఆ పాత సీసాను చర్మానికి వాడే సెంటులో కలపకండి. లినలూల్, లినలైల్ ఎసిటేట్ గాలి తగిలి మెల్లగా మారిపోయినప్పుడు పుట్టే పదార్థాల వల్ల కొందరికి చర్మంపై దురద, ఎర్రటి దద్దుర్లు వస్తాయి. ఒకసారి పడకపోతే ఆ తరువాత లినలూల్ ఉన్న ఏ సబ్బూ, ఏ సెంటూ పడకపోవచ్చు. నూనెను చిన్న గోధుమరంగు సీసాల్లో మెడ దాకా నింపి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. మన ఎండాకాలంలో అలమారులో పెట్టినది పాడవడానికి ఎక్కువ రోజులు పట్టదు.

మరువం, తిరుపతి

అందరికీ ధన్యవాదాలు. జీసీ రిపోర్టు అడిగితే దుకాణదారు లేదన్నారు, కాబట్టి ఆ నూనెను సబ్బులకు కేటాయించాను. పాత సీసాను పక్కన పెట్టేశాను. సెంటుకు మాత్రం జమ్మూ నుంచి 10 మిల్లీలీటర్లు తెప్పించి, ధవనం గారు చెప్పిన పాళ్లలో నిన్న కలిపాను. ఈ ఉదయం పట్టీ మీద శ్రీగంధం, దాని చివర సన్నగా తడి వేరు వాసన ఉన్నాయి. లావెండర్ పూర్తిగా పోయిందనుకుని ఇంకోసారి ముక్కుకు దగ్గరగా పెట్టి చూస్తే అది గంధం వెనకాల ఇంకా కొద్దిగా ఉంది. రెండు వారాల తరువాత సీసా తీసి ఇక్కడే రాస్తాను.